మైకు మూతికి బొట్టు

మొన్న కోదాడలో మా అన్న ఇంటికి వెళ్ళినప్పుడు మేనల్లుడు కార్తీక్ నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి తన స్టూడియో చూపించాడు. నాలుగు గోడలకూ నల్లటి స్పాంజి ముక్కలు అంటించాడు. కిటికీ మూసేసి దానిమీద దుప్పటి బిగించాడు. మూడు స్టాండ్ల మీద మూడు మైకులు కొంగల్లా మెడలు చాచి నిలబడి ఉన్నాయి. ఆ గదిలో గాలి ఆడదు, వెలుతురు రాదు. ఆ ఉక్కపోతలో నన్ను కూర్చోబెట్టి, నా చేతిలోని టీ చల్లారిపోయేదాకా ఏ మైకు ఏ గిటార్‌కు నప్పుతుందో చెప్పాడు. "అత్తా, గిటార్‌కి ఒక్క మైక్ సరిపోదు. ఒకటి మెడ దగ్గర పెట్టాలి, ఒకటి బుర్ర దగ్గర, ఇంకోటి దూరంగా. నాలుగోది వచ్చే వారం వస్తది" అన్నాడు. "ఇప్పటిదాకా ఏం రికార్డు చేసినవ్ రా?" అని అడిగాను. "ఇంకా సెటప్ కాలేదత్తా" అన్నాడు. ఆ సెటప్ మొదలై రెండేళ్ళయిందని కింద వదిన చెప్పింది. మా అన్న మాత్రం టీవీ ముందు నుంచి కదలకుండా, "వానికి అదో పిచ్చి, నువ్వేం పట్టించుకోకు" అన్నాడు. ఎవరు ఎవరిని అంటున్నారో చూడండి. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా!

మైకులు ఎంచుకునే మనుషులంటే నాకు చులకన. ఈ మాట దాచుకోను. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడకుండా ఇంటి దూలాలు లెక్కపెట్టుకొని వచ్చే రకం వీళ్ళు. ఆడలేక మద్దెల ఓడు అన్నది పాతకాలపు మాట. ఈ రకం మద్దెల కొనకముందే అది ఓడా కాదా అని ఏళ్ళ తరబడి చర్చిస్తుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పాట లేదు వాయించేవాడు లేడు, ఆ పాటకు ఏ వైరు వాడాలో మాత్రం తేలిపోయి ఉంటుంది. ఇంత ఎగతాళి చేసే హక్కు నాకెక్కడిది అంటారేమో. ఒకప్పుడు అలాంటి ఇంట్లోనే నేను గిటార్ పట్టుకున్నాను. ఆ మూర్ఖుల్లో నేనూ ఒకదాన్ని.

మిర్యాలగూడలో మా ఇల్లు మా బియ్యం మిల్లుకు వీపు ఆనించి ఉండేది. తెల్లవారకముందే వడ్లు ఉడికే వాసన తలుపు సందుల్లోంచి వచ్చి పక్కలోనే మమ్మల్ని లేపేది. అమ్మ ఉతికి ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా వాలేది. ఆమె దులిపేది, తిట్టేది, మళ్ళీ దులిపేది. మిల్లు నడుస్తుంటే గ్లాసులో మంచినీళ్ళు సన్నగా వణికేవి. నాయన లారీలోంచి దిగిన వడ్లలో పిడికెడు తీసి, ఒక గింజ పంటికింద వేసుకొని, కళ్ళు మూసుకొని తేమ ఎంతుందో చెప్పేవాడు. మిల్లు చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కంచం ముందు నుంచి లేచిపోయి ఏ బెల్టు వదులైందో చూపించి వచ్చేవాడు. నడుస్తున్న మిల్లును ఆపడం ఆయన దృష్టిలో అపశకునం. దసరా పూజకు ఆగేది, కరెంటు పోతే ఆగేది, అంతే. మా పెదనాయన పోయిన రోజున కూడా, పోసిన వడ్లు అయ్యేదాకా మిల్లు నడిచింది. ఆ తరువాతే నాయన స్నానం చేసి ఏడ్చాడు.

అన్న పేరు శ్రీశైలం. సూర్యాపేటలో డిగ్రీ చదవడానికి వెళ్ళి గిటార్‌తో తిరిగొచ్చాడు. డిగ్రీలో రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి గానీ గిటార్ మాత్రం చెక్కుచెదరకుండా ఇల్లు చేరింది. తనకు వచ్చింది నాకు నాలుగు రోజుల్లో నేర్పాడు. ఐదో రోజుకు నేర్పడానికి ఆయన దగ్గర ఇంకేం మిగల్లేదు. పొద్దున అన్న మిల్లు మీదికి వెళ్ళగానే నేను గిటార్ తీసుకునేదాన్ని. కాలేజీ బస్సు హారన్ వినపడేదాకా వదిలేదాన్ని కాదు. రేడియోలో విన్నది, బడిలో పాడుకున్నది, అమ్మ రోట్లో పచ్చడి నూరుతూ తీసే రాగం, ఏది దొరికితే అది తీగల మీద వెతుక్కునేదాన్ని. ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాశాయి. అమ్మ నా చెయ్యి తిప్పి చూసి, "ఇవి ఆడివిల్ల చేతులా, హమాలీ చేతులా?" అనేది. నాకు మాత్రం ఆ కాయలు చూసుకుంటే గర్వంగా ఉండేది.

అన్నకు వాయించడం పట్టుబడలేదు. వాయించడం చుట్టూ ఉండే సరంజామా మాత్రం పట్టుబడింది. సూర్యాపేట వెళ్ళినప్పుడల్లా ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చొని మైకుల గురించి కాగితాలు ప్రింటు తీయించుకొని వచ్చేవాడు. వాటికొక ఫైలు, ఆ ఫైలుకొక ప్లాస్టిక్ కవరు. పరీక్షల పుస్తకాలకు ఆ భాగ్యం ఎన్నడూ పట్టలేదు. మిల్లు ఆఫీసుకని కొన్న కంప్యూటర్ మెల్లగా అన్న గదిలోకి మారింది. మైకుల్లో రెండు కులాలున్నాయని మాకు అప్పుడే తెలిసింది. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో వాడేది మొరటు మైకు, కింద పడ్డా ఏమీ కాదు. రెండోది కండెన్సర్ మైకు, మహా సుకుమారి, దానికి విడిగా ఒక డబ్బాలోంచి కరెంటు అందిస్తే తప్ప పలకదు. "దానిల ఊపిరి గూడ దొరుకుతది చెల్లె" అనేవాడు అన్న, ఊపిరి దొరకడమే సంగీతమన్నట్టు.

ఈ వ్యవహారంలో నా పని టెస్టింగ్. అన్న ఏదో ఒక మైకు అరువు తెచ్చి బిగించి "వాయించు" అనేవాడు. నేను వాయించేదాన్ని. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కళ్ళు మూసుకొని, పండితుడి మొహం పెట్టి, "ఆఁ, చాల్" అనేవాడు. ఆ తరువాత గిటార్ తాను తీసుకొని, రికార్డు బటన్ నొక్కి, నాలుగు తీగలు తప్పు మీటి, మైకు బాగాలేదని తేల్చేవాడు. రెండేళ్ళ పాటు నేను వాయించిందంతా టెస్టింగే. ఒక్క నిమిషమైనా ఎక్కడా దాచలేదు. దాచమని నేనూ అడగలేదు.

అడగాల్సిన రోజు వచ్చింది. పేపర్లో ఒక మూలన చిన్న ప్రకటన పడింది. హైదరాబాద్‌లో గిటార్ నేర్పే ఒక సంస్థ కొద్దిమందిని ఎంచుకొని ఏడాది పాటు ఉచితంగా నేర్పుతుందట, ఉండటానికి చోటు కూడా ఇస్తుందట. వాయించింది సీడీలో ఎక్కించి ఫలానా గడువులోగా పంపాలి. ఆ ముక్క కత్తిరించి నోట్‌బుక్‌లో పెట్టుకొని రెండు రోజులు తిరిగాను. అంతవరకు నాకు ఏదైనా కావాలని అంత గట్టిగా అనిపించలేదు. చివరికి నాయన ముందు నిలబడి చెప్పాను. ఆయన ముక్క మొత్తం చదివి, "వాళ్ళు పిలిస్తె పంపిస్త, పో" అన్నాడు. పిలవాలంటే సీడీ కావాలి. నా చదువు, నా ఊరు, నా బతుకు ఎటు తిరుగుతాయన్నది ఆ ఒక్క సీడీ మీద పడింది.

"ఫికర్ జెయ్యకు చెల్లె," అన్నాడు అన్న. "నీ సీడీ ఇంటె వాళ్ళు కుర్చీలకెళ్ళి లేవాలె. కని దానికి మంచి మైక్ గావాలె." అన్నకు నామీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ప్రేమ ఉంది, బుద్ధి లేదు.

మొదట స్టూడియో కట్టాడు. ఇంటి వెనక కొట్టు గదిలో గోడల వెంట ఊక నింపిన గోనెసంచులు పైకప్పు దాకా పేర్చాడు. మిల్లు చప్పుడు లోపలికి రాదట. హమాలీలు అర పూట పని మానుకొని బస్తాలు మోశారు, లోపల ఒక కుర్చీ పట్టేంత గుంత, గుమ్మం దగ్గర కంప్యూటర్‌కు కాస్త చోటు మిగిలాయి. ఆ గుంతలో కూర్చుంటే ఊక దుమ్ము ముక్కుల్లోకి పోయి తుమ్ములు, మెడ వెనక దురద, గిటార్ బుర్రలో తిరిగే పురుగులు. మిల్లు చప్పుడు మాత్రం ఎప్పటిలాగే వినపడేది. కరెంటు పోతే మిల్లు ఆగి ఊరంతా నిశ్శబ్దమయ్యేది. కానీ కరెంటు పోతే కంప్యూటర్‌కూ దిక్కులేదు. అన్న కంప్యూటర్ కింద బ్యాటరీ పెట్టె పెట్టించాడు. కరెంటు పోయినప్పుడల్లా అది కీక్ కీక్ మని కోడిపిల్లలా అరిచేది, ఆ అరుపు మైకులో అన్నిటికంటే స్పష్టంగా పడేది. ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలుసుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది.

సూర్యాపేటలో మైక్ సెట్టు కిరాయికిచ్చే లింగయ్య ఆ రోజుల్లోనే ఒక పెళ్ళి పని మీద మిర్యాలగూడ వచ్చి, అన్న అడిగిన వైరు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. నడిగూడెం మనిషి. తండ్రి గొర్రెలు కాసేవాడు, ఈయన మైకులు కాస్తున్నాడు. ఊక గుంతలో నేను వాయిస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి అయిపోయేదాకా విన్నాడు. తరువాత బస్తాలను చూసి, కిందికి వంగి అరచెయ్యి నేలకు ఆనించాడు.

"సప్పుడు గోడలకెళ్ళి వస్తలేదు చిన్న సేటూ, భూమిలకెళ్ళి వస్తున్నది. ఎన్ని బస్తాలు పెడ్తె ఏం లాభం?" అన్నాడు. నా వైపు తిరిగి, "బిడ్డా, మంచిగ వాయిస్తున్నవ్. నా కాడ మైకు ఉన్నది, టేప్ ఉన్నది. రేపు పెండ్లి అయిపోయినంక సూర్యాపేటకు వస్తవా, ఫంక్షన్ హాలు ఖాళీగుంటది. పది నిమిషాల్ల ఖతం జేస్త. సీడీల ఎక్కించుడు పక్క షాపోడు జేస్తడు" అన్నాడు.

సంచిలోంచి ఆ మైకు తీసి చూపించాడు. తలకాయ సొట్టలు పడి, దాని మీది ఇనుప జాలి రంగు వెలిసి, బీడీల వాసన, వక్కపొడి వాసన, వంద మంది ఉపన్యాసాల వాసన కలిసి కొట్టింది. అన్న మొహం తిప్పుకున్నాడు. అన్నను ఏం అనుకున్నా సరే, ఆ రోజు వద్దన్నది నేను. "వద్దు లింగయ్య మామా, మాకు మంచిది వస్తున్నది" అని నా నోటితోనే అన్నాను. నాకూ ఆ సుకుమారే కావాలనిపించింది. ఊపిరి కూడా దొరకాలి కదా మరి! లింగయ్య ఏమీ అనుకోలేదు. "అట్లనే. అయినా ఇది ఈడ ఉంచుతున్న, ఎందుకన్న పనికస్తది" అని ఆ మైకును, దాని వైరును గుంత పక్కనే ఉన్న గోడ అలమారలో పెట్టి వెళ్ళాడు.

గడువు ఇంకా వారం ఉందనగా మంచిది వచ్చింది. హైదరాబాద్ నుంచి, చెక్కపెట్టెలో, మెత్తటి గుడ్డలో చుట్టుకొని, వెండి రంగులో మెరుస్తూ. అన్న దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకొని హాల్లోకి వచ్చాడు. మా ఇంట్లో కొత్తది ఏది వచ్చినా దానికి పసుపు కుంకుమ పెట్టందే వాడరు. లారీకి పెట్టారు, కాంటాకు పెట్టారు, కుట్టుమిషన్‌కు పెట్టారు. అమ్మ మైకును దేవుడి అర ముందు నిలబెట్టి, తడి పసుపు పూసి, మూడు వేళ్ళతో కుంకుమ తీసుకొని దాని ముఖాన, అంటే ఆ సన్నటి జాలి మీదనే, రూపాయంత బొట్టు పెట్టింది. సరిగ్గా అంటలేదని మళ్ళీ ఒత్తింది. హారతి ఇచ్చింది. అన్న కళ్ళకద్దుకున్నాడు. నేనూ దండం పెట్టాను. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన ఇద్దరం ఉన్నాం, ఇద్దరిలో ఒక్కరికీ ఇది తప్పని తోచలేదు.

మైకు ఉంది, కరెంటు డబ్బా ఉంది, మిల్లు చప్పుడు ఉంది. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ రాత్రి అన్నం దగ్గర నేను ఏమీ అడగలేదు, మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. నాయన చెయ్యి కడుక్కొని, తువ్వాలతో తుడుచుకుంటూ, "రేపు పదకొండు గొట్టంగ మిల్లు ఆపిపిస్త. పది నిమిషాలు. ఆలోపట అయిపోవాలె" అన్నాడు. అమ్మ గరిటె పట్టుకొని అలాగే ఉండిపోయింది.

మర్నాడు పదకొండు గంటలకు మిల్లు ఆగింది. అది ఆగిన తీరు నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. మొదట పెద్ద చప్పుడు పోయింది, తరువాత బెల్టుల చప్పుడు, చివరికి గ్లాసులో నీళ్ళు కూడా నిలిచిపోయాయి. హమాలీలు బస్తాల మీద ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. ఎవరో దగ్గబోతే పక్కాయన అతని నోరు మూశాడు. నాయన ఆవరణలో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. నేను గుంతలో కూర్చొని మొదలుపెట్టాను.

అన్న చెయ్యెత్తాడు. హెడ్‌ఫోన్లలో చిటపటమంటోందట. వైరు మార్చాడు. "వాయించు" అన్నాడు, వాయించాను. మళ్ళీ చిటపట. డబ్బా మార్చాడు, మైకును బుర్ర దగ్గర నుంచి మెడ దగ్గరకు జరిపాడు, మెడ దగ్గర నుంచి బుర్ర దగ్గరకు తెచ్చాడు. "నువ్వు వాయించుకుంటనే ఉండు, నేను జూస్త" అన్నాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. ఆ పది నిమిషాల్లో వాయించినంత బాగా నేను అంతకుముందు వాయించలేదు, తరువాతా వాయించలేదు. వేళ్ళు నేను చెప్పకముందే వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాయి. అన్న వీపు నావైపు ఉంది. చొక్కా తడిసి అంటుకుపోయి, ఫైలులోని కాగితాలు తిప్పుతున్నాడు. అలమారలో లింగయ్య మైకు నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అన్నా అటు చూడలేదు, నేనూ చెయ్యి చాపలేదు. చిటపట పోయాక నొక్కుదామని అన్న రికార్డు బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. అంతలో కాళ్ళ కింద నేల వణికింది. మిల్లు అందుకుంది.

బయటికి వచ్చేసరికి హమాలీలు నన్ను చూసి నవ్వారు. ఒకాయన తువ్వాల భుజాన వేసుకుంటూ "మస్తు వాయించినవమ్మా" అన్నాడు. నాయన దగ్గరకు వచ్చి, "అయిందా బిడ్డా?" అని అడిగాడు. నా వెనక అన్న గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరి ముందు అన్న పరువు పోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే నా పరువు కూడా. "అయింది నాయనా" అన్నాను. ఆయన తల ఊపి మిల్లులోకి వెళ్ళిపోయాడు.

గడువుకు ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. ఆ ఆరు రోజులూ అన్న మైకు చెడిపోయిందని హైదరాబాద్‌కు ఫోన్లు చేశాడు. నేను గిటార్ ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. సాయంత్రం బజారు నుంచి వచ్చిన వాళ్ళు, సేటు బిడ్డ పాట రికార్డయిందట గదా అని అడిగేవాళ్ళు. హమాలీలు ఊరంతా చెప్పుకున్నారన్నమాట. ఏడో రోజు ఆ కత్తిరించిన ముక్కను పొయ్యిలో వేశాను.

తరువాతెప్పుడో లింగయ్య తన మైకు కోసం వచ్చి, మా సుకుమారిని చేతిలోకి తీసుకొని, జాలి మర విప్పి, బోర్లించి అరచేతిలో తట్టాడు. ఎర్రటి పొడి రాలింది. "మూతికి బొట్టు వెట్టింది ఎవరు చిన్న సేటూ?" అన్నాడు. "మేం గూడ దసరాకు పెడ్తం. డబ్బాకు పెడ్తం. మాట్లాడే మూతికి పెడ్తరా ఎవరన్న?" అమ్మ వంటింట్లోంచి విన్నది. ఆమెను నేను ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఎవరి జేబులోని ఫోన్ తీసి బల్ల మీద పెట్టినా అన్న వెండి మైకు కంటే శుభ్రంగా పట్టుకుంటుంది. ఊపిరి దొరుకుతుంది, నిట్టూర్పూ దొరుకుతుంది. అయినా కార్తీక్ లాంటి వాళ్ళకు నాలుగో మైకు కావాలి. వాళ్ళ గదిలోకి ఏ చప్పుడూ రాదు, కనుక వాళ్ళకోసం ఎవరూ ఏదీ ఆపనక్కర్లేదు. ఒకరి పాట కోసం నలభై మంది చేతులు కట్టుకొని కూర్చోవడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు. తెలిసిన మేము మాత్రం ఏం ఉద్ధరించాం?

పన్నెండేళ్ళ తరువాత నాయనకు జబ్బు చేసింది. అప్పటికి మిల్లు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది, నాకు సూర్యాపేటలో బడిలో ఉద్యోగం, గిటార్ తీగలు తెగి చాలా కాలమైంది. ఒక మధ్యాహ్నం దవాఖానలో ఆయనకు బత్తాయి రసం తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టి, "బిడ్డా, ఆనాడు నువ్వు అయిందన్నవ్ గద. నిజంగ అయిందా?" అని అడిగాడు.

ఇక అబద్ధం చెప్పలేకపోయాను. "కాలేదు నాయనా" అన్నాను.

"నాకు ఎరుకే. మీ అన్న మొకం జూసిన్నాడే ఎరుకైంది."

నాకు కోపం వచ్చింది. అంత జబ్బు మనిషి మీద కోపం రావచ్చా అంటే, వచ్చింది. "తెలిసీ ఎందుకు ఊకున్నవ్ నాయనా? ఒక్కమాట అడగరాదా?"

"నువ్వే అయిందంటివి. పది మంది ముందట నా బిడ్డ అబద్ధమాడుతున్నదని ఎట్లనాలె?" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రేపైన నువ్వొచ్చి చెప్తవేమోనని వారం రోజులు జూసిన. చెప్తె మిల్లు మల్ల ఆపేటోన్ని."